ఆర్పాక, రెండు లెక్కపెట్టేదాకా

కోఠీ గుజరాతీ గల్లీలో మా దుకాణం,
దొంగనోట్లు పట్టే దీపాలు బాగుచేసే చోటు.
ఊదారంగు గొట్టం, ఒక చోక్, రెండు స్క్రూలు.
అంతకు మించిన విద్య కాదు నాది.

ఖుద్దూస్ సాబ్ ఆదివారం వస్తాడు,
సగం షట్టరు దించే వేళకి,
చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్.
మొదటిసారి అన్నమే అనుకున్నాను.
మూత తీస్తే పాత బనీను గుడ్డలో
రాయి.
మురికి బెల్లంముక్క రంగు, చూపుడువేలంత పొడవు.
తాండూరు గనిలో ముప్పై ఒక్కేళ్లు మందు పేల్చిన చెయ్యి
నిండు సాసర్ని జరిపినంత జాగ్రత్తగా
దాన్ని నా గాజుబల్ల మీద పెట్టింది.

"లైటు బంద్ చెయ్ బేటీ."

ఊదా దీపం కింద
ముందు వెలిగింది రాయి కాదు,
ఆయన చొక్కా కాలరు. సబ్బుపొడి పుణ్యం.
తర్వాత మా ఇద్దరి పళ్లు.
ఆ తర్వాత, తొందరేం లేదన్నట్టు,
రాయి.
వెన్న కాగేటప్పటి రంగు, లోపల్నించి.
విరిగిన చివర ఉంగరంలో ఉంగరం, దానిలో ఇంకో ఉంగరం,
ఏ వానాకాలాలు తాగి పెరిగిందో.

"ఇప్పుడు ఆర్పు."
ఆర్పాను.
ఒకటి.
రెండు.
కరెంటు పోయిన సంగతి
దానికింకా ఎవరూ చెప్పనట్టు
వెలుగుతూనే ఉంది.

అట్లా ఏడాదిన్నర.
ఓ వారం జొన్నపేలాల గుత్తిలాంటిది,
ఓ వారం అప్పడమంత పలచనిది.
ఒకటి ఎర్రగడ్డ సంతలో మూడొందలకి కొన్నాడు.
దీపం కింద అది బొగ్గులా ఉండిపోయి
నడిమధ్య అతుకు మాత్రం నీలంగా భగ్గుమంది.
జిగురు!
నవ్వి నవ్వి దగ్గాడు.
"నీ దీపం దాని పని మర్వలే."

నోట్లలో ఒళ్లంతా మెరిసేది దొంగది.
ఈయన రాళ్లలో మెరవడమే సాక్ష్యం.
ఒకే దీపానికి రెండు న్యాయాలు.

"గుహల్లో దూరి విరిచావా ఇవన్నీ?" అన్నానొకసారి.
చాయ్ కింద పెట్టేశాడు.

"ఒక్కటి గూడ ఇరవలే బేటీ. నేను పేల్చిన.
మీట నొక్కితే గుట్ట కూసుంటది.
దుమ్ము దిగినంక జూస్తే
రాయి కడుపుల ఇల్లంత ఖాళీ.
లారీ వచ్చేలోపు టిఫిన్ల పట్టినన్ని నావి.
మిగిలినయి సిమెంటైనయి.
మీ దుకాణం గోడల గూడ ఉంటయేమో."

దీపం గోడకి తిప్పాను.
సున్నం, రెండు మేకులు, పోయినేడు కేలండరు అంచు.
ఏదీ వెలగలేదు.

క్యారియర్లో నాలుగో గిన్నె మాత్రం
ఎప్పుడూ ఖాళీయే.
అది ఎందుకని అడగడానికి నాకు చలికాలం పట్టింది.

రిటైరయ్యే ఏడు, డ్రిల్లు ఒకచోట
రాయిని దాటి గాల్లోకి జారిందట.
బొక్కలో టార్చి పెట్టి చూశాడట.
"ఏముంది?"
చెప్పలేదు.
చేత్తో ఇంత అని కూడా చూపలేదు.
తడిమట్టి కూరి, రిజిస్టర్లో రాశాడు:
రాయి పనికిరాదు, ఈ దిక్కు పేల్చొద్దు.
ముప్పై ఒక్కేళ్లలో ఒక్క అబద్ధం.
కింద సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర.

"అది ఇంక చీకట్లనే ఉన్నది," అన్నాడు,
దాచుకున్న డబ్బు సంగతి చెప్పినంత మెల్లగా.
"మట్టి ఆరి పడకుంటే."

నాలుగో గిన్నె మీద దీపం పట్టాను, ఊరికే.
అడుగున స్టీలు.
అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు, జైబున్నిసా.
ఆ పేరు గురించి నేను అడగలేదు.
ఆర్పాను.
ఇద్దరం లెక్కపెట్టాం, పైకే.
ఒకటి.
రెండు.

సగం దించిన షట్టరు ఎవరో తట్టి
ఐదొందల నోటు లోపలికి చాపారు,
కాస్త చూసి చెప్పమని.